ఐదో పెట్టె అడుగున

సాయంత్రం నాలుగింటిలోగా కృపారావు చేయవలసిన పనులివి: క్యాంటీన్ సర్వర్ వేషంలో హిజ్లీ క్యాంపస్ ల్యాబ్‌లోకి దూరాలి. బల్ల మీది ఐదు పెట్టెల్లో నకిలీది పట్టుకోవాలి. టెస్ట్ మొదలయ్యేలోపు దాన్ని తప్పించాలి. టీ చల్లారకూడదు.

చివరిది తప్ప మిగతావన్నీ హెడ్‌క్వార్టర్స్ ఆర్డర్లు.

ఆ పెట్టెలు పవర్ మాడ్యూళ్లు. రైలింజన్ మోటారుకు వెళ్లే కరెంటును అదుపుచేసే చిప్పులు వాటిలో ఉంటాయి. నిమ్‌పురా రైల్వే షెడ్ల వెనక ఫ్యాక్టరీలో తయారయ్యాయి. ఈ రోజు టెస్ట్ పాసైతే, పదేళ్లపాటు ప్రభుత్వం దేశీ మాడ్యూళ్లే కొనాలన్న పేరా కొత్త పాలసీలో ఉంటుంది. పెట్టె పేలిందా, పేరా ఎగిరిపోతుంది, ఫ్యాక్టరీకి తాళం పడుతుంది. విదేశీ ముఠాకు ఇప్పుడు బాంబులతో పనిలేదు. ఒక్క పేరా కొట్టేయిస్తే చాలు. ఛీ, గూఢచర్యం కూడా గుమాస్తా పనైపోయింది!

టెస్ట్ చూడవచ్చిన కమిటీ కన్సల్టెంట్ జెనీ పట్టుచీర సర్దుకుంటూ కప్పు అందుకుంది. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్.

"మలంచాకి ఆటో దొరుకుతుందా?" కోడ్ చెప్పింది.

"రిజర్వు చేసుకుంటేనే, మేడమ్."

"మూడోది," గొణిగింది.

కృపారావు స్కానర్ పెన్ను అటు తిప్పాడు. పెన్ను మీదే అక్షరాలు వెలిగాయి: 'ఈ దేశంలో లైసెన్స్ రద్దు.' పెన్నూ దిగుమతి సరుకే! దాన్ని ఎంగిలి కప్పులో పడేశాడు.

వరండాలో రత్నం కూర్చుని ఉంది. ఫ్యాక్టరీలో ఈ పెట్టెలను టెస్ట్ చేసింది ఆమే. కమిటీ ఆమెను లోపలికి రానివ్వలేదు.

"ఏటి బాబూ, లోపల దొరలేటి సేస్తన్నారు?"

"తిన్నారు పిన్నీ. ఇంక తొంగుంటారు. నీ పెట్టె ఎవరైనా మారిస్తే పోల్సగలవా?"

"ఎందుకు పోల్సలేను? టెస్టు సేసినవాటన్నింటికీ అడుగున సుద్దతో గీత గీసినాను. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. గీత లేని సరుకు గుమ్మం దాటనిచ్చీవోడు కాదు."

కృపారావు లోపలికెళ్లి, బల్ల తుడుస్తున్నట్టు ఒక్కో పెట్టే ఎత్తాడు. మొదటిదానికి గీత ఉంది. రెండోదానికీ ఉంది. మూడోదానికీ ఉంది! జెనీ అబద్ధమాడింది. నాలుగోదానికీ ఉంది.

"ఐదు మీ లక్కీ నంబర్ కదా సార్!" జెనీ నవ్వింది. కమిటీ ఛైర్మన్ అప్పటికే ఐదో పెట్టెను టెస్ట్ బెంచి వైపు ఎత్తాడు. దాని అడుగు అద్దంలా మెరుస్తోంది. ఉపగ్రహాలున్న ముఠా ప్రతి స్క్రూనూ కాపీ కొట్టింది. సుద్దను మాత్రం మురికనుకుని వదిలేసింది.

ఛైర్మన్ వేలు స్విచ్ మీద పడబోయింది. కృపారావు చేతిలో ట్రే ఒరిగింది. మూడు కప్పుల టీ పెట్టె మీద ఒలికింది.

"ఈడియట్! ఇందుకే ఈ దేశం బాగుపడదు!" అని అరిచి, ఛైర్మన్ మూడో పెట్టెను లాక్కుని బిగించాడు. స్విచ్ నొక్కాడు. ముల్లు ఫుల్ లోడ్ దాటింది. పెట్టె ఉలకలేదు, పలకలేదు.

జెనీ గుమ్మం వైపు జారుకుంది. అక్కడ ఇద్దరు 'ఎలక్ట్రీషియన్లు' నిలబడి ఉన్నారు.

"ఆటో రిజర్వు చేశాను, మేడమ్," అన్నాడు కృపారావు.

పేరా నిలిచింది. పాలసీ పుస్తకం చివర కృతజ్ఞతల పేజీలో పదిహేడు పేర్లున్నాయి, అన్నీ ఆ మధ్యాహ్నం కునుకు తీసినవాళ్లవే. రత్నం పేరు లేదు. ఎప్పుడైనా మీ రైలు కుదుపు లేకుండా కదిలితే, ఆమెను ఒక్కసారి తలచుకోండి.