పైడిపాల గోత్రం, నాలుగో పిక్

"మన టీం రహస్యాలన్నీ ఎవరింట్లోనో బెండకాయలతో పాటు తరిగేస్తన్నారయ్యా!"

అంటూ శ్రీరామచంద్రమూర్తిగారు తన ఫోన్‌ని మురళీమోహన్ ముక్కుకి ఆనించినంత పని చేశారు.

శ్రీరామచంద్రమూర్తిగారికి అమలాపురంలో కొబ్బరి వ్యాపారం. ఈ ఏడు కొత్తగా గోదావరి కబడ్డీ లీగ్‌లో 'కోనసీమ కెరటాలు' అనే టీం కొన్నారు. కొబ్బరికాయని వేలితో కొట్టి లోపల నీళ్ళెన్నున్నాయో చెప్పగలరు గానీ, ఆటగాడిని చూసి ఏమీ చెప్పలేరు. అందుకే మురళీమోహన్‌ని పెట్టుకున్నారు. పాత మ్యాచులన్నీ చూసి, టీంలో ఎక్కడ లోటుందో, ఆ లోటుకి ఎవరు సరిపోతారో లాప్‌టాప్‌లో లెక్కగట్టి చెప్పడం అతని ఉద్యోగం.

ఆదివారం రాజమండ్రిలో డ్రాఫ్ట్. అంటే వేలం కాదు. టీంలన్నీ వంతుల వారీగా ఆటగాళ్ళని ఎంచుకుంటాయి. మనకెవరు కావాలో పక్కవాళ్ళకి ముందే తెలిసిపోతే, మన వంతు వచ్చేసరికి వాళ్ళు ఎగరేసుకుపోతారు.

ఫోన్‌లో మనిషి మొహం కనబడలేదు. గాజుల చేతులు, కత్తిపీట, బెండకాయలు. వాటి మీదుగా ఓ ఆడపిల్ల గొంతు.

"మన కెరటాల టీం ఎలా ఉందండీ అంటే, తాలింపు లేని పప్పులా ఉందండి. దూకే రైడర్లు లేరు. పోనీ డిఫెన్స్ ఉందా? ఎడమ మూల, అదేనండి లెఫ్ట్ కార్నర్, గడియ లేని తలుపు. ఎవడు పడితే వాడొచ్చి పాయింటట్టుకు పోతన్నాడు. లాప్‌టాప్ ముందేసుక్కూర్చున్న అబ్బాయిగారికి అది కనబడతన్నట్టు లేదు. సరే, డ్రాఫ్టులో మనోళ్ళు ఎవర్ని తీసుకుంటారో చెప్తాను వినండి. మొదటి పిక్కు సందీప్ ధన్‌కడ్, హర్యానా. రెండో పిక్కు జేమ్స్ ఒటియెనో, కెన్యా. మూడోది మన రాజోలు సాయిబాబు. నాలుగోది..."

ఇక్కడ బెండకాయ సగంలో ఆగింది.

"నాలుగోది మురళీమోహన్ అని ఒకాయన. ఎక్కడ ఆడేరో ఎంత వెతికినా దొరకలేదండి. నా అంచనా అయితే ఆరడుగుల రైడరు. ఈయనే అసలు తురుపు ముక్క."

అయిదడుగుల ఆరంగుళాల మురళీమోహన్ నోరు తెరిచాడు.

"మొదటి మూడు పేర్లూ నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీవు," అన్నారు శ్రీరామచంద్రమూర్తిగారు. "నాలుగోది నీది. సందట్లో సడేమియా అని నీ పేరు కూడా ఎక్కించేసుకున్నావా?"

"నేనా అండీ? నేను బళ్ళో కూడా ఎప్పుడూ కూతకెళ్ళలేదండి!"

"మరి చెప్పిందెవరు? నేను దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. డ్రాఫ్ట్ లోపల ఇది తేలాలి. తేలకపోతే నీ లాప్‌టాప్ నీది, నా టీం నాది. ఆయ్!"

మురళి చెప్పని మాట ఒకటుంది. ఆ వీడియోలు అతను మొదటినుంచీ చూస్తున్నాడు. 'లాప్‌టాప్ అబ్బాయిగారు' అన్న ప్రతిసారీ ఒళ్ళు మండేది. మండిన ప్రతిసారీ మళ్ళీ మొదటికి తిప్పి చూసేవాడు. ఆ చేతులు దొండకాయ తరిగినా, చింతపండు పిసికినా ఒకే తీరుగా, తొందర లేకుండా ఉండేవి. మొహం ఎలా ఉంటుందా అని చాలాసార్లు అనుకున్నాడు. దీన్ని రీసెర్చ్ అంటారని తనకి తాను చెప్పుకున్నాడు.

వీడియో అడుగున 'మాగాయ, గోంగూర, ఉసిరి పచ్చళ్ళు దొరుకును' అని అడ్రసు ఉండనే ఉంది. కొత్తపేట శివారు, వినాయకుడి గుడి ఎదురుగా. బండి తీశాడు. దారిలో వాన పట్టుకుంది. వీధి మొగలోకి వచ్చేసరికి అతనూ లాప్‌టాప్ బ్యాగూ ఒకే రకంగా కారుతున్నారు.

అరుగు మీద జాడీలు సర్దుతున్న అమ్మాయి తలెత్తింది. ముందు గాజులు చూసి గుర్తుపట్టాడు. తర్వాత మొహం చూసి, వచ్చిన పని మర్చిపోయాడు.

"ఏం కావాలండీ? మాగాయా, గోంగూరా?"

"సమాధానం కావాలండి."

"అది మేం పెట్టమండి. పక్కింట్లో అడగండి."

"నేను కోనసీమ కెరటాల అనలిస్ట్‌నండి. మీరు రోజూ తిట్టే లాప్‌టాప్ అబ్బాయిని."

ఆమె చేతిలో మూత జాడీ మీద అడ్డంగా పడింది. నాలుక కరుచుకుంది. కానీ ఒక్క క్షణమే.

"అయితే ముందు మీరు చెప్పండి. లెఫ్ట్ కార్నర్ సంగతేంటి? మా నాన్నగారు వాళ్ళూరి టీంలో లెఫ్ట్ కార్నరండి. నాగేంద్రబాబు చెయ్యి పడిందంటే కాలు ఊడి రావాల్సిందే అనేవోరు. ఇప్పుడు మస్కట్‌లో ఉన్నారు. అక్కడ మ్యాచులు చూడ్డం కుదరదని, నేను ఈ వీడియోలు పెడితే భోంచేస్తూ చూసుకుంటారు. ఆయనకి ఆ మూల ఖాళీగా ఉందని చెప్పడానికి నాకెంత సిగ్గుగా ఉంటదో తెలుసా?"

"ఎవరే లావణ్యా, అంత కేకలేస్తన్నావు?" అంటూ లోపల్నుంచి వాళ్ళమ్మ సత్యవేణి వచ్చింది. తడిసిన కుర్రాణ్ణి చూసి కండువా ఇచ్చింది. కుదురైన మొహమని అప్పటికప్పుడే తేల్చేసుకుని పనసాకు బుట్టల్లో ఇడ్లీల్లా ఉడికించిన పొట్టిక్కలు రెండు పెట్టింది. "తినండి బాబూ. ఏం ఉద్యోగం? ఇంట్లో ఎంతమందండీ?"

"అమ్మా, ఆయన గొడవకొచ్చేరు."

"తిని గొడవపడతారులేవే."

మురళి తిని, గొడవ మొదలుపెట్టాడు.

"మా పేర్లు మీకెలా తెలిశాయండి?"

"ఊహించేను."

"ఊహలోకి జేమ్స్ ఒటియెనో వస్తాడా అండీ? కెన్యా నుంచి?"

"మా ఊహ ఇంటర్నేషనల్ అండి." నవ్వు ఆపుకుంది. "మీకో ప్రెడిక్షన్ చెప్పనా? మా సోర్స్ ఎవరో తెలిస్తే మీరు చెప్పులు విప్పి దణ్ణం పెడతారు. బుధవారం పొద్దున్న రండి. చూపిస్తాను. ఇంతకీ మీ పేరేంటండీ?"

"మురళీ," అన్నాడు, మిగిలిన సగం గొంతులోనే దాచుకుని. ఆరడుగుల రైడర్‌ని అప్పుడే చంపడానికి మనసొప్పలేదు.

బుధవారం సన్నగా జల్లు పడుతోంది. లావణ్య అరుగు మీద స్టూలు వేసి కూర్చోబెట్టింది. సత్యవేణి కాఫీ తెచ్చింది. ఎదురుగా గుడి ముందు ఓ తెల్ల కారు ఆగింది. అందులోంచి పట్టుపంచెతో దిగిన మనిషిని చూసి మురళి కాఫీ గ్లాసుతో స్తంభం వెనక్కి నక్కాడు.

"మా చైర్మన్‌గారు!"

"ప్రతి బుధవారం వస్తారండి. ఐనవిల్లి పెద్ద గుడికి వెళ్తే పదిమందిలో పేర్లు బయటపడతాయని, ఎవరూ రాని మా గుడికొస్తారంట. పంతులుగారు చెప్పేరు. ఇప్పుడు వినండి."

గుడి మీద లౌడ్‌స్పీకర్ ఒకసారి గుర్రుమంది. ఆ వెంటనే పంతులుగారి గొంతు కొబ్బరితోటల మీదుగా కాలవ అవతలి దాకా మోగింది.

"పైడిపాల గోత్రోద్భవస్య, శ్రీరామచంద్రమూర్తి నామధేయస్య... సందీప్ ధన్‌కడ్ నామధేయస్య... జేమ్స్ ఒటియెనో నామధేయస్య, సహకుటుంబస్య..."

గొడుగేసుకుని పోతున్న పాలాయన ఒటియెనో పేరు దగ్గర ఆగి, అలవాటుగా దణ్ణం పెట్టుకుని పోయాడు.

మురళికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదన్నారండి!"

"నిజమే కదండీ, దేవుడికే చెప్పేరు. మేం దేవుడికి ఎదురింటోళ్ళం. ఉండండి, నాలుగో పిక్ ఉంది. ఆ రైడర్ పేరు ఎన్ని వారాల్నుంచో వింటన్నాను."

"పైడిపాల గోత్రోద్భవస్య, మురళీమోహన్ నామధేయస్య, శీఘ్రమేవ వివాహ సిద్ధ్యర్థం..."

లావణ్య చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎప్పుడూ ఈపాటికి తను పేరు విని వంటింట్లోకి పరిగెత్తేది. ఆ తర్వాతి ముక్క ఇవాళే వింది. మెల్లగా మురళి వైపు తిరిగింది. స్తంభం వెనక అతని చెవులు పండుమిరపకాయల్లా ఉన్నాయి.

"ఆరడుగుల రైడర్ మీరా?"

"అయిదూ ఆరంగుళాలండి," అన్నాడు మురళి నీరసంగా.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అతన్ని చూసిన చూపులో ఏదో ఉంది. అది చూసి మురళికి ధైర్యం వచ్చి స్తంభం వెనక నుంచి బయటికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే సత్యవేణి గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, పైడిపాలా బాబూ మీది? మాదీ పైడిపాలేనండి! గోత్రం ఒకటయితే అన్నాచెల్లెళ్ళ వరస కదా."

లావణ్య నవ్వు ఆగిపోయింది. అతనికి తన బ్లడ్ గ్రూప్ తెలుసు, పాన్ నంబర్ తెలుసు, లీగ్‌లో ప్రతి రైడర్ సక్సెస్ శాతం తెలుసు. గోత్రం మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"మైకులో చెప్పేరంటే అదే అయ్యుంటదండి," అన్నాడు.

సత్యవేణి అతని చేతిలోని కాఫీ గ్లాసు వైపు చూసి నిట్టూర్చింది. లావణ్య ఆ గ్లాసు అందుకుంది.

"ఇంకొంచెం తాగుతారా, అన్నయ్యగారూ?"

కబడ్డీలో నలుగురు మీద పడితే ఎలా ఉంటుందో మురళికి ఆ మాటతో తెలిసింది.

ఇంతలో ప్రసాదం పొట్లంతో బయటికొచ్చిన శ్రీరామచంద్రమూర్తిగారు ఎదురుగా మురళినీ, అతని పక్కన గాజుల చేతుల్నీ చూశారు.

"దొరికేవయ్యా! బెండకాయలమ్మాయికి చెప్పింది నువ్వేనన్న మాట!"

"కాదండి బాబుగారూ," అంది లావణ్య, గుడి పైకి వేలు చూపించి. "అదండి."

లౌడ్‌స్పీకర్ మీద ఎర్రరంగుతో రాసి ఉంది: దాత, శ్రీరామచంద్రమూర్తి, అమలాపురం.

ఆయన చాలాసేపు తన పేరునే చదువుకున్నారు. "సుప్రభాతానికని ఇచ్చేనే," అన్నారు చివరికి. "లోపల కూర్చుంటే గుసగుసలాగే వినబడింది." అరుగు మీద కూలబడ్డారు. "అయిపోయింది. ఏలూరు టీం వాళ్ళు ఈ వీడియోలు చూస్తారు. సందీప్‌ని వాళ్ళే ఎత్తుకుపోతారు."

మురళికి అన్నయ్య అనిపించుకున్న బాధలో బుర్ర పాదరసంలా పని చేసింది.

"పోనీయండి. నేను అసలు మొదటి పిక్ అనుకున్నది సందీప్‌ని కాదండి. లెఫ్ట్ కార్నర్, తాటిపాక కళ్యాణ్‌ని. ఆ పేరు మీక్కూడా చెప్పలేదు."

లావణ్య చప్పున తలెత్తింది. "లెఫ్ట్ కార్నర్ మీకు కనబడిందా?"

"మీరు తిట్టకముందే కనబడిందండి." వాళ్ళ నాన్నగారి గురించి విన్నాక మళ్ళీ లెక్కేసి రూఢి చేసుకున్నానని మాత్రం చెప్పలేదు.

"అయితే బాబుగారూ," అంది లావణ్య కళ్ళు మెరుస్తుండగా, "ఇంకో అర్చన చేయించండి. వేరే పేర్లతో. ఆశీర్వచనం ఎవరికిచ్చినా పుణ్యమే. నేను మైకులో విన్నదే చెప్తాను, అబద్ధమాడను."

మురళి ముగ్గురి పేర్లిచ్చాడు. మొదటివాడికి మోకాలు పోయి, మండపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటున్నాడు. కానీ లీగ్ లిస్టులో ఇంకా పేరుంది. పంతులుగారు అతని ఆయురారోగ్యాల కోసం గట్టిగా చదివారు. మధ్యాహ్నానికి దొండకాయ వేపుడు మధ్యలో, 'ఇవాళ్టి తాజా పేర్లివండి' అన్న మాటతో, ఆ మూడు పేర్లూ ఊరంతా వెళ్ళాయి.

ఆదివారం డ్రాఫ్ట్ హాల్లో ఏలూరు టీం తమ మొదటి వంతుకే ఆ మోకాలాయన్ని ఎంచుకుని, కెరటాల బల్ల వైపు చూసి మీసం మెలేసింది. తర్వాతి వంతు మనదే. మురళి కళ్యాణ్‌ని తీసుకున్నాడు. రెండో వంతుకి సందీప్, మూడో వంతుకి ఒటియెనో కూడా వచ్చిపడ్డారు.

శ్రీరామచంద్రమూర్తిగారు మురళిని కావలించుకున్నారు. మురళి మాత్రం కోర్టులో తీర్పు విన్నవాడిలా నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఉద్యోగం నిలబడింది కదా, ఇంకేం?"

"ఏం లేదండి. మీ గోత్రమూ నా గోత్రమూ ఒకటేనని..."

"నీ గోత్రమేంటో నాకేం తెలుసు?" అన్నారాయన. "నువ్వు పెళ్ళి చేసుకుంటే లాప్‌టాప్ మూసి మనుషుల మొహం చూస్తావని మా ఆవిడ రమణి పోరు పెడితే, నీక్కూడా కలిపి చేయించేను. టీంలో అందరూ నా పిల్లలే కదా అని అందరికీ నా గోత్రమే చెప్పించేసేను. ఆ కెన్యా అబ్బాయికి కూడా!"

మురళి ఫోన్ తీసి అక్కడికక్కడే వాళ్ళమ్మకి చేశాడు.

"అమ్మా, మన గోత్రం ఏంటి?"

"జనకుల గోత్రం రా. ఇంత వయసొచ్చి ఇప్పుడడుగుతున్నావేంటి?" అవతల గరిటె కింద పెట్టిన చప్పుడు. "ఎవర్రా ఆ పిల్ల?"

మళ్ళీ బుధవారం దాకా ఆగడం మురళికి చేతకాలేదు. సోమవారం పొద్దున్నే వాన్లో గుడికి వచ్చి, పంతులుగారికి మైకు దగ్గరికి జరగమని చెప్పి మరీ చదివించుకున్నాడు.

"జనకుల గోత్రోద్భవస్య!" అంది లౌడ్‌స్పీకర్. "మురళీమోహన్ నామధేయస్య! శీఘ్రమేవ వివాహ సిద్ధ్యర్థం!"

మురళి బయటికి పరిగెత్తాడు. ఎదురింటి గుమ్మంలో సత్యవేణి అట్లకాడతో నిలబడిపోయి ఉంది. లోపల ఏదో మాడుతున్న వాసన. లావణ్య లేదు. అరుగు ఖాళీ. కత్తిపీట మీద సగం తరిగిన వంకాయ.

వినలేదా? విని లోపలికి వెళ్ళిపోయిందా? వాన అతని మెడలోంచి చొక్కాలోకి కారుతోంది.

"అత్తయ్యగారూ..." అని నోరు జారాడు. సత్యవేణి సమాధానం చెప్పేలోపు పైన స్పీకర్ మళ్ళీ గుర్రుమంది.

"పైడిపాల గోత్రోద్భవాయాః, లావణ్య నామధేయవత్యాః..." పంతులుగారు ఆగారు. మైకు తియ్యకుండానే అడిగారు. "సంకల్పం ఏం చెప్పమంటావమ్మాయ్?"

ఊరంతా విన్న ఆ గొంతు బెండకాయలు తరిగే గొంతే. కాస్త రొప్పుతోంది, గుడి పక్క గుమ్మంలోంచి పరిగెత్తి వచ్చినట్టు.

"ఇందాక ఆయనకి ఏం చదివేరో అదే చదివేయండి, పంతులుగారూ. ఇద్దరిదీ ఒకటే పని. నాలుగో పిక్కు నాదండి. ఇంకెవరూ ఎగరేసుకుపోవక్కర్లేదు."

మురళి వాన్లో నిలబడి లౌడ్‌స్పీకర్ వైపు మొహమెత్తాడు.

"ఆయ్," అన్నాడు.