ఐస్ ఫ్యాక్టరీ ఎర్రకారు

సాయంత్రం ఆరున్నర. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. గాలి సముద్రం వైపు నుంచి కొడతా ఉంది.

మైపాడు రోడ్డులో, రొయ్యల చెరువులు దాటినాక, మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ ఒకటి ఉంది. పొద్దు గుంకితే ఆ పక్కకి ఎవరూ పోరు. బండి మీద పోయేవాళ్ళు ఆ గేటు దగ్గర హారన్ కొట్టరు. కొడితే లోపల నుంచి బదులొస్తుందంట.

లోపల షెడ్డులో ఒక ఎర్రకారు. ఇద్దరే పట్టే కారు, పైన కప్పు లేదు. పదహారేళ్ళుగా కదల్లేదు. కదలడానికి దాంట్లో ఇంజనే లేదు. ఎప్పుడో పగలగొట్టి పాత ఇనుముకి వేసేసినారు. అయినా మబ్బు పట్టిన రాత్రి అది మొరుగుతుందని చెప్పుకుంటారు... ఎవరో ఎక్సలేటర్ తొక్కి పట్టినట్టు.

ఫ్రెడ్డీ తోలుతున్నాడు అంటారు. ఫ్రెడ్డీ ఆ ఫ్యాక్టరీ ఓనరు పెద్దకొడుకు. ఒక సాయంత్రం తాగి, గంప నెత్తిన పెట్టుకొని పోతున్న చేపలామెను ఆ కారుతో గుద్దినాడు. ఆమె జుట్టు వెనక చక్రానికి చుట్టుకుంది. వాడు ఆపలేదు. ఫ్యాక్టరీ దాకా ఈడ్చుకొచ్చినాడు. పల్లె జనం వెంటపడి వచ్చి, వాణ్ణి సీట్లోంచి లాగి, ఆ షెడ్డులోనే తెడ్లతో కొట్టి చంపినారు. ఎవరు కొట్టినారో పోలీసులకి ఒక్కరూ చెప్పలేదు.

ఇదంతా మేము అల్లూరు నుంచి ఇందుకూరుపేటకి మారినాక విన్నది. విని నా కూతురు నవ్వింది. నేను నవ్వలేదు.

మా ఆయన జడ్సన్ డీజిల్ మెకానిక్. చెరువుల మీద జనరేటర్లు బాగుచేస్తాడు. కూతురు అబిగయీలు. ఇరవై నాలుగేళ్ళు. ఆటోమొబైల్ డిప్లొమా చదివి వాళ్ళ నాయనతోనే పని చేస్తుంది. పెళ్ళి మాటెత్తితే స్పానరు చూపిస్తుంది.

ఫ్యాక్టరీలో పాత జనరేటర్ ఒకటుంది, చూసిపొమ్మని ఫ్రెడ్డీ తమ్ముడు సుశీల్ కుమార్ మా ఆయన్ని పిలిపించినాడు. అబిగయీలూ వెంట పోయింది. ఎర్రకారు మీది టార్పాలిన్ ఎత్తి చూసింది. అంతే.

"తీసుకోమ్మా," అన్నాడంట సుశీల్ కుమార్. "నా కంటికి కనపడకుండా చేస్తే చాలు."

ఆ రాత్రి అబిగయీలు ఇంటికొచ్చి అన్నం తినలేదు. "ఇది ఎప్పటి కారో తెలుసా అమ్మా? నువ్వు పుట్టకముందుది."

"అయితే దాన్ని పడుకోనియ్యి."

వినలేదు. ఎనిమిది నెలలు. తుప్పు గీకింది. నేల రేకు కోసి కొత్తది అతికింది. అసలు ఇంజను ఎక్కడా దొరకలేదు. బోల్తా పడిన జీపు నుంచి తీసిన డీజిల్ ఇంజను ఒకటి మా ఆయన తెచ్చినాడు. దాన్ని కూర్చోబెట్టడానికి తండ్రీకూతుళ్ళు కొత్త దిమ్మెలు చేసి వెల్డింగ్ పెట్టినారు. ఐసు డబ్బాలు ఎత్తే చైను పుల్లీ ఆ షెడ్డులోనే ఉంది కాబట్టి పనంతా అక్కడే.

అక్కడ వాచ్‌మన్ కామాక్షయ్య. పక్క పల్లెలో చేపలు పట్టేవాళ్ళ మనిషి, అరవై దాటినాయి. ఒంటరిగా ఉంటాడు. రోజూ మాకు టీ తెచ్చిచ్చేవాడు.

"పెట్రోలు తాగే దొరగారికి డీజిల్ పోస్తా ఉండావా పాపా? పాపం తగులుతుంది."

"తాగినాక చెప్తాడులే మామా, ఏది బాగుందో."

నేను ఒకరోజు అడిగినా. "రాత్రుళ్ళు ఆ మొరుగుడు ఏంది కామాక్షయ్యా?"

"పాత గొట్టాలమ్మా. సముద్రపు గాలి దూరితే ఏడుస్తాయి. దెయ్యానికి ఇంజనెందుకు?"

నవ్వించే మనిషే. ఒక్కటే నాకు తేడాగా ఉండేది. ఎనిమిది నెలల్లో ఆయన ఆ కారుని ఒక్కసారీ ముట్టుకోలేదు. దాని ముందుకి రాలేదు. టీ ఇవ్వాలన్నా వెనకనుంచి చుట్టు తిరిగి వచ్చేవాడు. భయమేమో అనుకున్నా.

ఆ రోజు శనివారం. తెల్లారి ఆదివారం పొద్దున్నే కారుని చర్చి దాకా తోలుకుపోయి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించాలని అబిగయీలు కోరిక. అందుకే ఆ సాయంత్రమే మొదటిసారి స్టార్టు చెయ్యాలి. నేనూ పోయినా.

మధ్యాహ్నమే తలంటు పోసుకుంది. తడి ఆరక జుట్టు వదిలేసి ఉంది.

"ముడి వేసుకో," అన్నా.

"సీట్లో కూర్చుంటే ఇంజను నా జుట్టు జోలికొస్తదా అమ్మా?"

బానెట్టు ఇంకా బిగించలేదు. మా ఆయన ఇంజను మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసినాడు. ఆమెన్ అనకముందే సీట్లో కూర్చున్న అబిగయీలు తాళం తిప్పింది.

ఇంజను అందుకుంది. మెల్లగా, నున్నగా. మా ఆయన మొహం చూడాలి ఆ నిమిషం. కామాక్షయ్య టీ గ్లాసులతో వచ్చి, ఎప్పటిలా, కారు వెనక నిలబడినాడు. ఇది లైట్లు వేసింది.

"మామా, ముందుకి పోయి చూడు. లైట్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా?"

"నాకు కళ్ళానవు పాపా."

గ్లాసులు నేల మీద పెట్టి ఇంకో అడుగు వెనక్కి వేసినాడు.

అప్పుడు... ఇంజను చప్పుడు పెరిగింది.

"ఎక్సలేటర్ వదులు!" అన్నాడు మా ఆయన.

"నా కాలు దాని మీద లేదు నాయనా!"

"ఆపేయి మరి!"

తాళం తిప్పింది. ఆగలేదు. తాళంచెవి పీకి పైకెత్తి చూపించింది. చెవి దాని చేతిలో ఉంది... ఇంజను తిరగతానే ఉంది. ఇంకా గట్టిగా. ఇంకా. షెడ్డు రేకులు అదిరినాయి. ఊరు చెప్పిన మొరుగుడు ఇదే.

తెల్లటి పొగ. మనిషికి మనిషి కనపడలేదు.

"గేరు వేసి క్లచ్ వదులు! చచ్చిపోద్ది!" మా ఆయన ముందునుంచే అరిచినాడు. పక్కకి తప్పుకోవాలని ఆయనకి తోచలేదు.

పిల్ల గేరు వేసింది. ఇంజను చావలేదు—కారు దూకింది. చక్రాల కింది మొద్దులు ఎగిరిపోయినాయి. మా ఆయన్ని తుంటి మీద కొట్టి విసిరేసింది. ఆయన తల పిల్లరుకి తగిలిన చప్పుడు అంత మోతలోనూ నాకు వినపడింది. కారు పోయి ఇంకో పిల్లరుకి గుద్దుకొని ఇరుక్కుంది. వెనక చక్రాలు నేలని కాలుస్తా తిరగతానే ఉన్నాయి. స్టీరింగు కిందికి దిగి నా బిడ్డ తొడలు పట్టేసింది.

"అమ్మా! కాళ్ళు రావడంలా!"

నేను పరిగెత్తబోయినా. లైట్ల వెలుగులోకి ఒక మనిషి వచ్చి నిలబడినాడు.

కామాక్షయ్య. మొదటిసారి... కారు ముందు.

చేతిలో గడ్డపార.

ఒక లైటు పగిలింది. అద్దం పగిలి గాజంతా నా బిడ్డ మీద పడింది. ఆయన అరవలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆ మాట నాకు కనపడింది.

దిగరా ఫ్రెడ్డీ... దిగు.

పొగ, ఒంటి లైటు, మొరిగే కారు. ఆయన కంటికి ఆ సీట్లో ఉన్నది అబిగయీలు కాదు. ఇంజను పక్కగా సీటు వైపు నడిచినాడు.

నా చీలమండ ఎవరో పట్టుకున్నారు. మా ఆయన. మొహమంతా రక్తం.

"గాలి... గాలి మూసెయ్ రెబెక్కా... ఆ గొట్టం..."

ఇంజను పక్కన, దానికి గాలి పోయే, టీ గ్లాసంత లావు గొట్టం. ఫిల్టరు ఇంకా బిగించలేదు. నోరు తెరుచుకొని ఉంది. కాలి దగ్గర, కారులో కాళ్ళ కింద వేసే రబ్బరు పట్టా పడి ఉంది.

బిడ్డ దగ్గరికి పోవాలా? గొట్టం దగ్గరికి పోవాలా? ఆ మనిషిని నేను ఆపలేను. ఆ చప్పుడు ఆగితే ఆయనా ఆగుతాడు. అదొక్కటే తోచింది.

పట్టా మడిచి గొట్టం మీద పెట్టి, ఒళ్ళంతా వేసి నొక్కినా. అది లాగింది. ఊపిరి పీల్చినట్టు లాగింది. అరచెయ్యి పక్కనున్న ఇనుముకి అంటుకొని చర్మం కాలిన వాసన. నేను వదల్లేదు. తల తిప్పి చూసినా.

గడ్డపార పైకి లేచింది.

"కామాక్షయ్యా! నా బిడ్డ!"

దిగింది.

ఇంజను దగ్గి, రెండుసార్లు ఊగి, ఆగిపోయింది.

ఏ చప్పుడూ లేదు. దూరంగా సముద్రం.

గడ్డపార సీటు వీపులో దిగి నిలబడి ఉంది. తోలు చీరుకొని, స్ప్రింగులు దాటి, అవతలికి వచ్చింది. సీట్లో... ఎవరూ లేరు.

"అబ్బీ..."

"ఇక్కడుండా అమ్మా."

కారు వెనక, పది అడుగుల అవతల, నేల మీద. కాళ్ళు గీరుకుపోయి, వెల్లకిలా.

కామాక్షయ్య దాన్ని చూసినాడు. సీటుని చూసినాడు. గోడకి జారి కూలబడినాడు.

"పాప... పాప కదా ఇది... నేను పాపని..."

ఆయన్ని కొట్టాలని పోయినా. నిజంగా పోయినా, కాలిన చేత్తోనే. ఆయన తల ఎత్తి గుసగుసగా చెప్పినాడు.

"మా ఇంటామెమ్మా. మాలకొండమ్మ. ఈ కారు ఈడ్చింది మా ఇంటామెని."

నా చెయ్యి ఆగిపోయింది.

"వాడి మీద మొదటి దెబ్బ నాది. తర్వాత నేనే వచ్చి ఇక్కడ వాచ్‌మన్‌గా చేరినా. ఫ్యాక్టరీకి కాపలా కాదమ్మా. ఇది మళ్ళీ కదలకుండా కాపలా."

"మరి ఎనిమిది నెలలు మాకు టీలు ఎందుకిచ్చినావయ్యా?"

"పాప నవ్వతా ఉంటది కదమ్మా... వద్దని చెప్పలేకపోయినా."

రొయ్యల మేత దించి పోతున్న ట్రాలీ ఆటో ఒకటి దొరికింది. మా ఆయన తల నా ఒడిలో. ఎదురుగా అబిగయీలు, దాని పక్కన కామాక్షయ్య. రానన్నాడు. ఇదే చెయ్యి పట్టి ఎక్కించింది.

దారిలో మా ఆయన కళ్ళు మూసుకొనే చెప్పినాడు. "దెయ్యం కాదు రెబెక్కా. తప్పు నాది. ఇంజను నూనె ఒక లీటరు ఎక్కువ పోసినా."

చెరువుల మీది జనరేటరు తెల్లార్లూ తిరగాలి. అది ఆగితే నీళ్ళలోకి గాలి ఎక్కించే చక్రాలు ఆగి రొయ్యలన్నీ చస్తాయి. నడిరేయి లేచి నూనె చూసేవాళ్ళు ఉండరు. అందుకని ఇక్కడి మెకానిక్కులందరూ ఒక లీటరు ఎక్కువే పోస్తారు. ఆ చెయ్యి అలవాటుతో కారుకీ పోసినాడు. ఎక్కువైన నూనె పైకెక్కితే డీజిల్ ఇంజను దాన్నే తాగి తిరుగుతుందంట. తాళంతో పనిలేదంట. గాలి మూస్తేనే చస్తుందంట.

సరే. ఒక లీటరు నూనె. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

గాలికి అబిగయీలు జుట్టు ఎగిరి కామాక్షయ్య మొహానికి తగిలింది. ఆయన వాసన పీల్చి ఉలిక్కిపడినాడు.

"పాపా... తలకి ఏం రాసినావు?"

"ఏమీ రాయలా మామా. మధ్యాహ్నం తలంటు పోసుకున్నా."

ఆయన మొహం బయటికి తిప్పుకున్నాడు. నెల్లూరు వచ్చేదాకా భుజాలు కదులుతానే ఉన్నాయి.

ఆసుపత్రిలో చైను పుల్లీ తెగిపడిందని చెప్పినాము. ఇంటికి వచ్చేసరికి పన్నెండు. అబిగయీలు నా ముందు కూర్చుంది. తలలో గాజుముక్కలు ఉంటాయని నేను దువ్వెన తీసినా, ఎడమచేత్తో.

"మెల్లగా అమ్మా. కుదుళ్ళు మండతా ఉన్నాయి. అంత గట్టిగా లాగినావే."

"నేనా?"

"జుట్టు పట్టి వెనక్కి లాగినావు కదా. కాళ్ళు స్టీరింగు కిందనుంచి ఊడొచ్చినాయి. గడ్డపార నా ముక్కు ముందే దిగింది."

నేను కారు ముందు ఉన్నా. రెండు చేతులూ గొట్టం మీద. మా ఆయన నా కాళ్ళ దగ్గర, నేల మీద. కామాక్షయ్య చేతులు గడ్డపార మీద.

కారు వెనక ఎవరూ లేరు.

దువ్వినా. మూడు గాజుముక్కలు వచ్చినాయి. నాలుగోది గాజు కాదు. లైటుకి పట్టి చూసినా. చేప పొలుసు. ఇంకా తడిగా ఉంది. దువ్వెనకి ఉప్పునీళ్ళ వాసన.

మా ఇంట్లో పది రోజులుగా చేప వండలేదు.

దానికి చెప్పలేదు. జడ వేసి పడుకోబెట్టినా. తలుపు గడియ పెట్టి లెక్క చూసుకున్నా. మా ఆయన—తలకి తొమ్మిది కుట్లు, నిద్రపోతున్నాడు. అబిగయీలు—ఊపిరి వినపడతా ఉంది. నేను—కుడి అరచెయ్యి కట్టు. కామాక్షయ్య—ఆటో అతను పల్లెలో వాకిటి దాకా దించినాడు, ఫోను చేసి చెప్పినాడు. ఆ షెడ్డులో నలుగురం ఉన్నాం. నలుగురం ఇల్లు చేరినాం.

నా బిడ్డ జుట్టు పట్టిన చెయ్యి ఒకటి మిగిలింది. ఆమె చేరిందో లేదో... ఎవరిని అడగను?