యాకూత్ తాడు

అన్నం తిని, గోడకు ఒరిగి, పళ్లు కుట్టుకుంటూ, "ఎవరి తాతో చేసిన దానికి ఇప్పటివాళ్లు ఎందుకు కట్టాలి" అని అడుగుతావే, నీకే చెబుతున్నాను ఈ కథ. అడగడం తప్పు కాదు. అడిగి, జవాబు వినకుండా కళ్లు మూసుకోవడం తప్పు. లేచి కూర్చో. ఇమామ్ హుస్సేన్ కూడా నీలాగే అడిగాడు. ఇదే వేళకు, ఇలాగే కాళ్లు చాపుకుని.

రెండువేల ఆరు, జూలై. షార్జాలో సముద్రపు పాయ దగ్గర పాత ముత్యాల వ్యాపారి ఇల్లు ఒకటి ఉండేది. పగడపు రాళ్లతో కట్టిన గోడలు, నడుమ పెద్ద వాకిలి, వాకిలి మధ్య ఎండిపోయిన బావి. దాన్ని బాగు చేసి జనానికి చూపించే ఇల్లుగా మార్చాలని యజమాని పని పెట్టాడు. ఆయన ఆ ముత్యాల వ్యాపారి మనవడు. కూలీలందరూ ఆయన్ను అర్బాబ్ అనేవాళ్లు. ఇమామ్ హుస్సేన్ అక్కడ ఫోర్‌మన్. ప్రొద్దుటూరు మనిషి, యాభై దాటాయి, పదహారేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడు. పనిలో గట్టివాడు. కానీ ఎవర్నీ నమ్మడు. సిమెంటు మూటల మూతికి తనకే తెలిసే ముడి వేసి పోయేవాడు, మర్నాడు ముడి చూసుకునేవాడు.

ఆయన కింద మేస్త్రి అమీర్ జాన్, రాయచోటి కుర్రవాడు. వాళ్ల క్యాంపు ఊరి బయట సజ్జా అనే చోట. తెల్లారుజామున బస్సు దింపితే, మధ్యాహ్నం పన్నెండున్నరకు పని ఆపి, మూడింటిదాకా నీడలో పడుకునేవాళ్లు. ఎండల్లో ఆ వేళ పని చేయించకూడదని సర్కారు రూలు పెట్టింది. ఆ ఇంట్లో చల్లగా ఉండే చోటు ఒక్కటే, ఖర్జూరం గది. కిటికీలు లేవు. నేల నిండా వేళ్లంత గాడులు. పూర్వం అక్కడ ఖర్జూరపు బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే, పాకం కారి గాడుల వెంట కుండలోకి చేరేదట. ఎన్నాళ్లు కడిగినా ఆ తీపి పులిసిన వాసన పోలేదు. దాని అడుగున ఇంకో వాసన ఉండేది. తడిసి ఆరని తాడు వాసన.

రోజూ ఆ వేళకు ఒక ముసలాయన వచ్చి గుమ్మంలో కూర్చునేవాడు. పేరు ఫరజ్. నల్లని మనిషి, కాళ్లదాకా తెల్లని కందూరా అంగీ, చేతిలో కర్ర. వచ్చీరాని హిందీలో మాట్లాడేవాడు. వాళ్ల తాత యాకూత్‌ను చిన్నప్పుడే ఆఫ్రికా ఒడ్డునుంచి పట్టి తెచ్చి ఈ ఇంటికి అమ్మారట. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. తెచ్చిన ముత్యాలు ఇంటివాళ్లవి, పడుకోను ఆయనకు ఈ గాడుల నేల.

మునిగేవాడి నడుముకు తాడు కడతారని, రెండో కొస పడవలో లాగేవాడి చేతిలో ఉంటుందని ఫరజ్ చెప్పాడు. కింద ఊపిరి అయిపోగానే వాడు తాడు కదిలిస్తాడు. అంతే, లాగేవాడు ఆలోచించకూడదు, లాగాలి. ఒకరోజు యాకూత్ తాడు కదిలించాడు. ఇంకో రెండు చిప్పలు తేనివ్వమని ఈ ఇంటి పెద్ద లాగేవాడి చెయ్యి పట్టుకున్నాడు. తాడు మూడుసార్లు కదిలింది. ఆ తర్వాత కదల్లేదు. మరుసటి ఏడు యాకూత్ బాకీ ఉన్నాడని చెప్పి, పదేళ్ల కొడుకును పడవ ఎక్కించారు. ఆ పిల్లవాడే ఫరజ్ తండ్రి.

ఫరజ్ కోరేది రెండే. వెనక వాకిలిలోని గది తమ వాళ్లకు ఇవ్వాలి, మునిగినవాళ్ల పేర్లు ఈ గోడ మీద రాయాలి. అర్బాబ్ ప్రతిసారీ మర్యాదగానే కాఫీ పోయించి, రుజువు చూపించమనేవాడు. మునిగినవాళ్ల చేత బాకీకి వేలిముద్రలు వేయించిన కాగితమే రుజువని, అది ఈ గోడల్లోనే ఒక రేకు డబ్బాలో ఉందని ఫరజ్ తండ్రి చెప్పి చచ్చిపోయాడట.

ఆ మధ్యాహ్నం ముసలాయన పోయాక ఇమామ్ హుస్సేన్ కాళ్లు చాపుకుని ఆ మాట అన్నాడు.

"ఎవరి తాతో ముంచినాడని, ఇప్పుడు ఈయప్ప ఇల్లు రాసియ్యాల్నా?"

"మా జేజినాయన వాళ్ల నాయన రెండు మూటల జొన్నలకు జీతానికుండె అన్నా," అన్నాడు అమీర్ జాన్. "ఆయప్ప సచ్చినాక మా జేజినాయన్ను కట్టేసుకున్న్యారు. అప్పుడు నాయన బాకీ కొడుకు తీర్చాల్నంట. ఇప్పుడు తాత బాకీ మనవడిది కాదంట. ఇదేం లెక్కన్నా?"

"నీకు ఆ ముసలోడు చాయ్ తాపిస్తా ఉంటే ఇట్నే మాట్లాడ్తావులే."

అందరూ నవ్వారు. ఇమామ్ హుస్సేన్ నవ్వలేదు. ముసలోడికీ వీడికీ ఏదో నడుస్తోందని ఆ రోజే మనసులో పెట్టుకున్నాడు. ఎందుకంటే అంతకు ముందు వారమే అర్బాబ్ ఆయన్ను పక్కకు పిలిచాడు. గోడల్లో ఏ కాగితం దొరికినా తనకే ఇవ్వాలని, ఇస్తే ఆయన కొడుక్కి వీసా ఇప్పిస్తానని చెప్పాడు. కొడుకు తౌసీఫ్ ప్రొద్దుటూరులో పనిలేక తిరుగుతున్నాడు. రెండుసార్లు ఏజెంట్ల చేతిలో మోసపోయాడు. ఆ వీసా కోసం ఇమామ్ హుస్సేన్ ఐదు పూటలా దువా చేసేవాడు.

నాలుగోరోజు ఖర్జూరం గదిలో పాత సున్నం రాలగొడుతుంటే డబ్బా దొరికింది. గదిలో ఆయన ఒక్కడే. తుప్పు పట్టిన మూత తీశాడు. మడిచిన కాగితం ఒకటి, మునిగేటప్పుడు ముక్కు మూసుకునే ఎముక క్లిప్పు ఒకటి. కాగితం మీద ఇరవైమూడు వేలిముద్రలు, పక్కన పేర్లు. ఖురాన్ చదివే అలవాటుతో మొదటి పేరు కూడబలుక్కున్నాడు. యాకూత్. మిగతావి చదవలేదు. చదవాలనుకోలేదు.

అర్బాబ్ మర్నాడు వస్తాడు. అంతదాకా ఎక్కడ దాచాలి? సంచిలో పెడితే అమీర్ జాన్ చూస్తాడు. క్యాంపులో దాచే చోటే లేదు. చివరికి డబ్బాకు తాడు కట్టి ఎండిన బావిలోకి దించాడు, ఇరవై అడుగులు. కొస లోపలి రాతికి ముడివేశాడు. తనకే తెలిసే ముడి.

మర్నాడు పన్నెండున్నర అయింది. అందరూ నీడకు పోయారు. వాకిలి తెల్లగా మండుతోంది. కాకి లేదు, గాలి లేదు. దూరంగా ఏదో ఏసీ మిషను రొద ఒక్కటే. అర్బాబ్ కారు ఇంకో పావుగంటలో వస్తుంది. ఇమామ్ హుస్సేన్ బావి దగ్గరికి వచ్చి ముడి చూసుకున్నాడు. ముడి అలాగే ఉంది. విప్పి తాడు చేతిలోకి తీసుకున్నాడు.

తాడు తడిగా ఉంది.

ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఉప్పు వాసన. ఎవరో రాత్రి నీళ్లు పోసి ఉంటారనుకున్నాడు. వంగి చూశాడు. పై రెండు గజాలు ఎండ, ఆ కింద నలుపు. లాగాడు. రాలేదు. డబ్బా బరువు అరసేరు ఉండదు, ఇది మనిషి బరువు.

అమీర్ జాన్. వాడే దిగాడు. ముసలోడు దింపించాడు.

"పైకి రారా," అన్నాడు గొంతు తగ్గించి. "చూసినాలే."



అప్పుడు తాడు కదిలింది. ఒకసారి. కింద ఎవరో పట్టుకుని గుంజినట్టు.

ఇమామ్ హుస్సేన్ పళ్లు బిగించి, తల తిప్పి ఖర్జూరం గదివైపు చూశాడు. గుమ్మంలో కాళ్లు వరసగా కనబడుతున్నాయి. చివరి జత అమీర్ జాన్‌వి, ఎడమ మడమకు నీలం ప్లాస్టరు. నిద్రలో బొటనవేలు ఆడిస్తున్నాడు.

తాడు మళ్లీ కదిలింది... ఈసారి నెమ్మదిగా.

చెయ్యాల్సింది ఆయనకు తెలుసు. ఫరజ్ చెప్పగా విన్నాడు. లాగాలి. కానీ లాగితే ఏది పైకి వస్తుంది? లాగకపోతే... డబ్బా అక్కడే పోతుంది. పోతే రుజువు పోతుంది. అర్బాబ్‌కు కావలసిందీ అదే కదా. భయంలో కూడా ఆ లెక్క వేసుకున్నాడు. తెలిసి చేశాడు.

మూడోసారి కదిలింది. చాలా నీరసంగా.

నడుమున ఉన్న కత్తి తీసి తాడు కోశాడు. ఎండిన బావిలో నీళ్ల చప్పుడు వినిపించింది.

అర్బాబ్ వచ్చాడు. కాగితం బావి పాలయిందని విని, ఖలాస్ అని భుజం తట్టి, బావి మూసేయమన్నాడు. ఇమామ్ హుస్సేనే ఇనప కడ్డీలు పరిచి, కాంక్రీటు పలక పోశాడు. ఫరజ్ వచ్చి అడిగితే, ఖురాన్ మీద ఒట్టు, ఏమీ దొరకలేదన్నాడు. ముసలాయన ఆయన కుడి అరచెయ్యి తిప్పి చూశాడు. తాడు ఒరుసుకున్న ఎర్రటి గీత.

"ఎవర్ని వదిలేశావు?" అన్నాడు మెల్లగా. మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

డిసెంబరులో తౌసీఫ్ వచ్చాడు. ఇరవై ఏళ్లవాడు, సన్నగా, నవ్వు మొహం. మొదటిరోజే అన్నం తిని ఖర్జూరం గదిలో పడుకున్నాడు. తండ్రి పక్కన కూర్చుని తస్బీ పూసలు తిప్పుతున్నాడు. పన్నెండున్నరకు కుడి అరచేతిలో ఏదో గుంజింది. చెయ్యి ఖాళీగా ఉంది. చూస్తే కొడుకు ఛాతీ కదలడం లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. కుదిపినా లేవలేదు. అరచేతిలో మళ్లీ గుంజింది... ఆయన చేతులు వాటంతటవే గాలిలో తాడు లాగడం మొదలుపెట్టాయి. ఇరవై అడుగులు లాగాక తౌసీఫ్ గట్టిగా ఊపిరి పీల్చి కళ్లు తెరిచాడు.

"ఏమబ్బా, అట్ల చూస్తాండావు?"

కొడుకు జుట్టు తడిసి ఉంది. గదిలో సముద్రం వాసన.

అది ప్రతిరోజూ జరిగింది. డాక్టరు చూసి పిల్లవాడు గుండ్రాయిలా ఉన్నాడన్నాడు. చోటుది దోషమని తండ్రి కొడుకును దూరంగా, దుబాయ్ అవతల జెబెల్ అలీ సైటుకు పంపించాడు. వేళ తప్పలేదు. ఎక్కడున్నా అరచెయ్యి గుంజేది. నడిచే బస్సులో, సిమెంటు కొట్లో, జుమ్మా నమాజుకు వచ్చిన జనం మధ్య, ఇమామ్ హుస్సేన్ కనబడని తాడును లాగుతూ నిలబడేవాడు. జనం నవ్వేవాళ్లు. తర్వాత ఫోను చేసి కొడుకు గొంతు విన్నాకే కూర్చునేవాడు. నెలనెలకూ తాడు పొడుగవుతూ వచ్చింది. మే నెలకు అరగంట లాగాల్సి వచ్చేది. అరచేతిలో చర్మం మిగల్లేదు.

అప్పుడు అమీర్ జాన్‌కు అంతా చెప్పాడు. ఇద్దరూ వెతుక్కుంటూ ఫరజ్ ఇంటికి పోయారు. ముసలాయన కోప్పడలేదు. క్షమించే తాడు తన చేతిలో లేదన్నాడు. నువ్వు చేసింది అర్బాబ్ ముందు, నలుగురి ముందు చెప్పు, చదివిన ఆ ఒక్క పేరైనా గోడ మీదికి తెప్పించు అన్నాడు.

చెబితే కొడుకు వీసా పోతుంది. ఏజెంట్లకు కట్టడానికి ఇంటిమీద చేసిన అప్పు ఇంకా తీరలేదు.

"ఒక్క నెల ఆగు," అన్నాడు ఇమామ్ హుస్సేన్ దారిలో.

"ఇంకో రెండు చిప్పలన్నమాట," అన్నాడు అమీర్ జాన్.

నెల అయింది. ఇంకో నెల అయింది. మళ్లీ జూలై వచ్చింది. ఒక మధ్యాహ్నం పన్నెండున్నరకు ఖర్జూరం గదిలో ఆయన లాగడం మొదలుపెట్టాడు. ఒంటిగంట అయింది. చేతులు పడిపోతున్నాయి. తాడు అయిపోవడం లేదు. ఫోను తీసి అమీర్ జాన్ మీదికి విసిరి, తౌసీఫ్‌కు చెయ్యమని, తను వాకిట్లోకి పరిగెత్తాడు. అమీర్ జాన్ గుమ్మం వెలుతురులోకి జరిగి, నంబరు వెతికి నొక్కాడు. మోగింది. మోగింది... ఎవరూ ఎత్తలేదు. నాలుగోసారికి తౌసీఫ్ ఎత్తాడు. నిద్ర గొంతు. ఏమీ కాలేదన్నాడు. కలలో ఎవరో నల్లాయన తనను పడవలోకి ఎక్కించాడని, వాళ్ల అబ్బా తన పక్కనుంచి కిందికి దిగిపోయాడని చెప్పాడు. ఆ తర్వాత ఆ పిల్లవాడికి ఎన్నడూ ఊపిరి ఆగలేదు.

అమీర్ జాన్ వాకిట్లోకి పోయి చూశాడు. ఇమామ్ హుస్సేన్ తను పోసిన పలక మీద బోర్లా పడి ఉన్నాడు. నిప్పులాంటి ఎండలో ఒళ్లంతా తడి. ఊపిరి లేదు. నోటి పక్కన ఉప్పునీళ్లు మడుగు కట్టాయి. కొడుకు బదులు ఆయన చెల్లించింది అది. ఒక్క మాట చెప్పి ఉంటే వీసాతో పోయేది. ఆలస్యం చేశాడు కాబట్టి ప్రాణంతో పోయింది.

ఆయన నడుముకు తాడు కట్టి ఉంది. పాతది, తడిది. దాని రెండో కొస పలక కిందికి పోయింది. పలకకు ఎక్కడా వెంట్రుకంత సందు లేదు. అమీర్ జాన్ చుట్టూ మూడుసార్లు తడిమి చూశాడు.

విప్పుదామని తాడు మీద చెయ్యి వేశాడు.

శవం కదల్లేదు. తాడు కదిలింది. కిందినుంచి, ఒకసారి... ఇంకొకసారి... కాసేపాగి, చాలా నీరసంగా, మూడోసారి.