పావు చుట్టు వెనక్కి

"ఇవాళ మధ్యాహ్నం ఏడు ప్రాణాలు సరిహద్దు దాటబోతున్నాయి," అన్నాడు మేజర్ హల్మె. హెల్సింకి నుంచి వచ్చిన గూఢచారి విభాగం అధికారి. బూట్లు దులపకుండానే షెడ్డులోకి వచ్చేశాడు.

రిస్టెన్ అక్కడి అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్క వేసుకుంటూ వింది. సరస్సు ఒడ్డునున్న నెల్లిమ్ ఊళ్లో అందరికీ ఆమె మంచు మీద నడిచే బండ్లు, స్నోమొబైళ్లు బాగుచేసే యాభై రెండేళ్ల మనిషి. ఇరవై ఏళ్లుగా ఆమె ఏజెంటు కూడా అని హల్మెకి మాత్రమే తెలుసు. అది కూడా అతను తరచూ మరిచిపోతాడు.

"అవతల మనకి పనిచేసే ఏడుగురి పేర్లున్న మైక్రోఫిల్మ్ పోయింది. ఎవరు మోస్తున్నారో తెలీదు. సరస్సు మంచు మీదుగానే దాటిస్తారు."

ఆ పేర్లలో మూడోది ఇంగా. రిస్టెన్ చెల్లెలు. సరిహద్దు గీత గీసిన ఏడాది ఆ పిల్ల అమ్మమ్మ దగ్గర, అవతలి ఒడ్డున ఉండిపోయింది.

"నేనేం చెయ్యాలి?"

"బండికి ఆయిల్ చూడండి, చాలు. దాని మీద వెళ్లి పట్టుకునేది మా ఏజెంటు వేరా."

వేరా వచ్చింది. స్థానిక రెయిన్‌డీర్ల కాపరి వేషం. నీలం గౌను, ఎర్ర అంచు, ఛాతీ నిండా వెండి బిళ్లలు. ఈ ఊళ్లో ఆడవాళ్లు పెళ్లికి తప్ప అలా తయారవరు.

"వాచీలో ట్రాన్స్‌మిటర్, లిప్‌స్టిక్‌లో కెమెరా," అన్నాడు హల్మె, పెళ్లికూతుర్ని చూపిస్తున్నట్టు.

"తొందరగా కానివ్వక్కా," అంది వేరా. "బండి పోయిన వారమే లారీలోంచి దించారు. నలభై కిలోమీటర్లు కూడా తిరగలేదు. చెయిన్ నేనే బిగించా, స్పానర్ పెట్టి."

"స్పానర్ పెట్టా? చెయిన్ బిగువు సరిచేసే టెన్షనర్ బోల్టు వేళ్లతో బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పాలమ్మాయీ. చెయిన్‌కి కాస్త ఊపిరాడాలి."

"చెయిన్‌కి ఊపిరట! విన్నారా సార్?"

ఇద్దరూ నవ్వుకుంటూ రిస్టెన్ వంటింట్లోకి వెళ్లి, ఆమె కాఫీయే పోసుకున్నారు.

రిస్టెన్ చెయిన్ కేసు మూత విప్పింది. చెయిన్ బట్టలారేసే తాడులా బిర్రుగా ఉంది. ఆయిల్ మాడి నల్లబడింది. అడుగున బిరడాకి ఉండే అయస్కాంతం బయటికి తీస్తే, ఇనుప రజను మీసంలా వేలాడింది. నలభై కిలోమీటర్లకి ఇంత మీసం రాదు. అయిదారు వందలైనా తిరిగుండాలి. మీటరు వైరు ఊడదీసి మళ్లీ తగిలించిన గీతలు కూడా ఉన్నాయి. దొంగచాటుగా అంత తిరగడానికి ఇక్కడ సరస్సు ఒక్కటే ఉంది. దాని అవతల ఏముందో అందరికీ తెలుసు.

హల్మెని పిలిచి చూపించింది.

"ఈ మురికి చూసి నా బెస్ట్ ఏజెంటుని అనుమానించాలా?" అన్నాడతను. "వంటింటి తెలివి!"

"సరే, మీ ఇష్టం."

రిస్టెన్ కొత్త ఆయిల్ పోసింది. టెన్షనర్ బోల్టు పావు చుట్టు కాదు, వచ్చినంతా వెనక్కి తిప్పేసింది. మూత పెట్టి, పాత తువ్వాలుతో శుభ్రంగా తుడిచింది.

"చెయిన్ ఎలా ఉంది?" అడిగింది వేరా.

"నీకు తగ్గట్టే ఉంది."

పన్నెండింటికి వేరా బయల్దేరింది. ఉత్తరాన గాలించాల్సిన మనిషి, తూర్పుకి తిరిగింది.

"అటెందుకు? అటు సరిహద్దు కదా!" హల్మె బైనాక్యులర్స్ దించాడు.

రిస్టెన్ తన పాత బండి స్టార్ట్ చేసింది. "వెనక కూర్చోండి. గట్టిగా పట్టుకోండి."

సరస్సు మధ్యకి వచ్చాక వేరా వెనక్కి చూసింది. వేగం ఒక్కసారిగా పెంచింది. కటకటమని చప్పుడు. చెయిన్ చక్రం పళ్లు దాటి ఊడిపోయింది. ఇంజన్ అరుస్తోంది కానీ బండికి ఊపు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది రిస్టెన్‌కి, పొయ్యి మీద పాలు మరిచిపోయినట్టు. ఆ బండికి బ్రేకు పట్టేది చెయిన్ ద్వారానే. చెయిన్ పోతే బ్రేకూ లేదు. కింద గాలికి అద్దంలా నున్నబడ్డ మంచు.

బండి జారుతూనే ఉంది. సరిహద్దు గెడలు ఎదురుగానే. అవతల ఇద్దరు సైనికులు చేతులు చాచి నిలబడ్డారు. నలభై గజాలు. ఇరవై. పది. ఇంగా, అనుకుంది రిస్టెన్.

గెడకి జానెడు దూరంలో బండి ఆగింది.

వేరా దూకింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగుకి, వెనకే వచ్చేసిన రిస్టెన్ విసిరిన రెయిన్‌డీర్లని పట్టే ఉచ్చుతాడు చీలమండకి పడింది. వెండి బిళ్లలన్నీ ఒకేసారి మోగాయి.

"కదిలావంటే రెయిన్‌డీర్లకి పెట్టినట్టు చెవికి గాటు పెడతా," అంది రిస్టెన్, తాడు లాగుతూ. "ఎవరి మందలోదో అందరికీ తెలుస్తుంది."

హల్మె లిప్‌స్టిక్ విప్పాడు. ఫిల్మ్ అందులోనే ఉంది. తీసి జేబులో వేసుకున్నాడు.

"నాకు గట్టిగా చెప్పాల్సింది మీరు."

"మీసం చూపించాను. అంతకంటే గట్టిగా ఎలా చెప్తారు?"

అతను వంగి, వేరా చేతులకి ముడి వేశాడు. అలవాటైన మొహమాటం కొద్దీ కాస్త వదులుగా.

రిస్టెన్ అతని చెయ్యి పక్కకి తోసింది.

"దీనికి మాత్రం స్పానర్ పెట్టొచ్చు, మేజర్ గారూ."