ఒక్క తూటాకే రీలోడ్

"నీ తుపాకీ, ఐడీ కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళు," అన్నాడు చీఫ్.

నిఘా శాఖ ఏజెంట్ రెండూ తీసి బల్లమీద పెట్టాడు. గేమ్‌ల మీద రివ్యూలు రాసే విలేకరి వేషంలో వెళ్ళేవాడి నడుముకి తుపాకీ ఏమిటని చీఫ్ అంటే, అదీ నిజమేననుకున్నాడు. అనుకోక ఏం చేస్తాడు? ఆఫీసులో 'సార్' అయినా ఇంట్లో ఆయన సొంత మేనమామ. తండ్రి పోయిన దగ్గర్నుంచీ అన్నం పెట్టి చదివించినవాడు. పదేళ్ళ వయసులో చేతికి మొదటి గేమ్ కంట్రోలర్ ఇచ్చినవాడూ ఆయనే.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆరోజు మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి 'ఆఖరి కోట' గేమ్ విడుదల. ఈ కాలంలో గేమ్‌ని పూర్తిగా తయారుచేసి అమ్మే కంపెనీ ఏది గనక! సగం ఉడికింది అమ్మేసి, మిగతా సగం విడుదల రోజున ప్యాచ్ పేరుతో ఇంటర్నెట్‌లో పంపుతారు. ఆ ప్యాచ్‌లో ఒక విదేశీ ముఠా తన కోడ్ దూర్చబోతోందని పైనుంచి సమాచారం. అది చేరిందంటే నలభై లక్షల ఇళ్ళలో హెడ్‌సెట్ మైకులు వాటంతటవే తెరుచుకుని, ఇంట్లోవాళ్ళు ఆడే ప్రతి మాటా సరిహద్దు దాటిపోతుంది. కంపెనీకి చెబితే ముఠా జారుకుంటుందట, అందుకని చెప్పొద్దన్నాడు చీఫ్.

"రాజహంస వాళ్ళ మనిషి. పన్నెండు దాటేదాకా ఆమె మీంచి కన్ను తీయకు, అల్లుడూ."

ఆఫీసులో అల్లుడూ అని పిలవడం అదే మొదటిసారి. ఏజెంట్‌కి గాల్లో తేలినట్టయింది.

విడుదల హాల్లో ఆటగాళ్ళు అప్పటికే మూడు ముక్కలై కొట్లాడుకుంటున్నారు. వారం కిందట దొంగకాపీ ఆడిన వీడియో ఒకటి బయటికొచ్చింది. ప్రచారం కోసం కంపెనీయే వదిలిందని ఒకడు. సగం గేమ్‌లో లీక్ చేయడానికేముందని ఇంకొకడు. ముందే బుక్ చేసుకున్నవాళ్ళంతా తెలివితక్కువ దద్దమ్మలని ఒక కళ్ళద్దాలాయన. ఆయన చేతిలో కూడా బుకింగ్ రసీదు ఉంది.

రాజహంస ఎర్రకోటులో వచ్చింది. ఆమె ఆడుతుంటే చూడ్డానికే లక్షలమంది నెట్‌లో కూర్చుంటారు.

"ప్రీ ఆర్డర్ చేశారా?" అడిగింది.

"రివ్యూలు చదవందే నేను దేన్నీ నమ్మను," అన్నాడు ఏజెంట్. ఆమె అలా అడిగితే చెప్పమని చీఫ్ నేర్పిన కోడ్ మాట అదే.

ఆమె గొంతు తగ్గించింది. "మీ పెట్టుడు గడ్డం ఊడుతోంది, ఇంత నాసిగా వేషం వేసేది మన శాఖవాళ్ళే. రెండేళ్ళుగా నేను ముఠాలో ఉన్నది మన ప్రభుత్వం తరఫునే. ఈ కోడ్ మాట ముఠాలోవాళ్ళకి తప్ప బయటెవరికీ తెలీదు. మీకు నేర్పిందెవరు?"

ఆమె ఫోన్లో ఆ లీకైన వీడియో పెట్టింది. ముఠా కోసం పనిచేసే తమ శాఖ ఇంటిదొంగ, ఆ కోడ్ పరీక్షిస్తూ ఆడిన ఆట అదని చెప్పింది. మొహం లేదు, గొంతు లేదు. తెరమీద తుపాకీ ఒక్కసారి పేలింది. ఇంకా ఇరవైతొమ్మిది తూటాలుండగానే రీలోడ్. మళ్ళీ ఒక్కటి. మళ్ళీ రీలోడ్.

'ఒక్క తూటా పేలినా తూటాల మ్యాగజైన్ మార్చెయ్, అల్లుడూ. ఆటలోనైనా, ఉద్యోగంలోనైనా.' పాత సోఫాలో పక్కన కూర్చుని ఎన్ని వందలసార్లు విన్నాడో ఆ మాట. ఆ ఆడింది మావయ్యే.

"మూడో అంతస్తులో ప్యాచ్ పంపే సర్వర్ గది ఇప్పుడే ఎవరో తెరిచారు," అందామె ఫోన్ చూసి. "మీ ఫొటో ఉన్న కార్డుతో; శాఖ కార్డుకి తెరుచుకోని తలుపు లేదుగా. నా దగ్గర దొంగ తాళంచెవి ఉంది గానీ తుపాకీ లేదు."

"నా దగ్గరా లేదు," అన్నాడు ఏజెంట్.

పదకొండూ యాభైతొమ్మిది. సర్వర్ గదిలో ముఠా కోడ్ ఎక్కించి నిలబడ్డ చీఫ్ మెడలో ఏజెంట్ కార్డు, చేతిలో ఏజెంట్ తుపాకీ. ఆయన వెనక గోడమీద గది మొత్తానికి కరెంటు ఆపే ఎర్ర స్విచ్ ఉంది.

"ఎందుకు మావయ్యా?"

"నేరం ఎవరో ఒకరి మీదికి పోవాలిగా. పరాయివాడయితే తుపాకీ అడిగినప్పుడే అనుమానించేవాడు. నువ్వు ఇచ్చేశావు."

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఏజెంట్‌కి ఆ క్షణాన తెలిసింది. ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. అయినా లెక్క మాత్రం తప్పలేదు. మావయ్యలో ఇంకా నమ్మదగింది ఒకే ఒక్క అలవాటు. దాన్ని నమ్మి స్విచ్ మీదికి దూకాడు.

తూటా భుజంలో దిగింది. రెండోది రాలేదు. చీఫ్ చెయ్యి తనంతట తానే జేబులోని కొత్త మ్యాగజైన్ కోసం వెళ్ళింది. అది బిగించేలోగా ఏజెంట్ స్విచ్ లాగేశాడు, రాజహంస బరువైన కీబోర్డు పెట్టి చీఫ్ మణికట్టు మీద కొట్టింది. గోడగడియారం పన్నెండుకి రెండు సెకన్లు తక్కువ చూపిస్తోంది.

సాయంత్రం ఆసుపత్రి టీవీలో ఆటగాళ్ళు మండిపడుతున్నారు. ప్యాచ్ రాలేదు, కోట గోడల్లోంచి గుర్రాలు నడిచి వెళ్ళిపోతున్నాయి, కంపెనీ మమ్మల్ని నట్టేట ముంచిందని కళ్ళద్దాలాయన కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. ఏజెంట్ కట్టు కట్టిన భుజంతో అదే చూస్తూ కూర్చున్నాడు. పొద్దుట్నించీ ఏమీ తినలేదు.

"ప్రీ ఆర్డర్ చేశారా?" అంది రాజహంస, నవ్విద్దామని.

"రివ్యూలు చదవందే నేను దేన్నీ నమ్మను." టీవీ కట్టేసి అన్నాడు, "మావయ్యలకి రివ్యూలు ఎవరూ రాయరు, అదే వచ్చిన చిక్కు."