మూడుసార్లు కన్నుగీటిన కుట్టుమిషన్

దుకాణంలో ఆ కొత్త కుట్టుమిషన్ స్విచ్ వేయగానే దాని చిన్న దీపం మూడుసార్లు వెలిగి ఆరింది. రెండుసార్లు చకచకా, మూడోసారి తీరుబడిగా, ఎవరో కొంటెగా కన్నుగీటినట్లు. పిన్నికి తోడుగా వచ్చిన యువకుడి చేతిలోంచి గొడుగు జారిపోయింది.

"ఇందులో ఉన్నది నా ప్రోగ్రాం!"

మిషన్ పనితనం చూపిస్తున్న అమ్మాయి తలెత్తింది. "కావచ్చు. మీ గొడుగు మాత్రం నా కాలి మీద ఉంది."

అతడు గొడుగు తీసుకున్నాడే గాని పట్టు విడువలేదు. కుట్టుమిషన్ మోటారును నడిపే, దీపాన్ని అలా కన్నుగీటించే ఆ ప్రోగ్రాంను అతడే రాసి, ఓపెన్ సోర్స్‌గా లోకానికి ఇచ్చివేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మిషన్‌లో పెట్టి అమ్ముకోవచ్చు. లైసెన్స్‌లో షరతు ఒక్కటే. మిషన్ కొన్నవారికి, చేసిన మార్పులతో సహా, ప్రోగ్రాం మూలపాఠమైన సోర్స్ కోడ్ కూడా అందజేయాలి.

"మా పిన్ని ఇది కొంటే సోర్స్ ఇస్తారా?"

"పెడల్ ఇస్తాం. నూనె డబ్బా ఇస్తాం. సోర్స్ కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు."

"లైసెన్స్ చదవలేదా?"

"చదివాను. నాన్నకూ చెప్పాను." ఆమె గొంతు తగ్గించింది. "కంపెనీ ఆయనది. బయటపెడితే పోటీవాళ్ళు ఎత్తుకుపోతారని ఆయన భయం. వర్క్‌షాప్‌లో నేను ఇంజినీరునే, ఇంట్లో మాత్రం చిన్నపిల్లని."

పిన్ని వృత్తిరీత్యా లాయరు. ఆమెకు ఉత్సాహం ముంచుకొచ్చింది. "ఒరేయ్, నోటీసు పంపమంటావా? అమ్మకాలు ఆపించేస్తాను. ముందు నా మిషన్ ఇంటికి చేరనీ!"

అమ్మాయి ముఖం పాలిపోయింది. "అమ్మకాలు ఆగితే వర్క్‌షాప్ మూతపడుతుందండీ. ఈ వానలు తగ్గేదాకా గడువివ్వండి. నాన్నను ఒప్పిస్తాను."

అతడితో కలిసి ఇలాంటి ప్రోగ్రాంలు రాసే బృందంలో ఒక పద్ధతి ఉంది. షరతు తప్పినవారితో ముందు మాట్లాడాలి, పిదప పక్కన కూర్చుని సాయపడాలి, అన్ని దారులూ మూసుకుపోయాకనే కోర్టు మెట్లెక్కాలి. ఆ పద్ధతిని అతడు ఎందరికో బోధించాడు. తన సొంత ప్రోగ్రాం విషయంలో మాత్రం అది మింగుడుపడటం కష్టమైంది. అయినా ఆ అమ్మాయి కళ్ళలోకి చూశాక, "సరే, వానలు తగ్గేదాకా" అన్నాడు.

ఆనాటినుంచి అతడు రోజూ ఆకాశం వంక చూడసాగాడు. మబ్బు పట్టి ఉంటే మనసు తేలికపడేది! ఆమెతో లైసెన్స్ గురించి మొదలైన ఫోన్ సంభాషణలు ఎక్కడెక్కడో తిరిగి, ఎవరో ఒకరి ఆవలింతతో ముగిసేవి.

"మీ కోడ్‌లో ఒకచోట 'దీన్ని ముట్టుకున్నవాడి ఖర్మ' అని రాశారేమిటి?"

"అయ్యో, చదివారా?"

"ముట్టుకున్నాను కూడా. ఇప్పటివరకు బాగానే ఉన్నాను."

ఎట్టకేలకు తండ్రి అయిష్టంగా తలూపాడు, సోర్స్ వచ్చింది. అయితే అతడు ఎంత ప్రయత్నించినా దానినుంచి మిషన్‌ను నడిపే ప్రోగ్రాం తయారు కాలేదు.

"అసలు ముక్క దాచుకుని తుక్కు పంపారు" అని పిన్ని తేల్చేసింది. "నోటీసు సిద్ధం. సంతకం పెట్టు."

అతడు కలం చేతిలోకి తీసుకున్నాడు. సంతకం పెట్టకుండానే దాన్ని జేబులో పెట్టుకుని, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, వానలోనే వర్క్‌షాప్‌కు బయలుదేరాడు.

గుమ్మంలోనే ఆమె తండ్రి అడ్డుపడ్డాడు. "ఇచ్చాం కదా బాబూ, ఇంకా ఏం కావాలి?"

"ఇచ్చింది నడవడం లేదండీ."

"నా కంప్యూటర్‌లో బాగానే నడుస్తోంది!" లోపలినుంచి ఆమె గొంతు ఖంగుమంది.

"నా దాంట్లో నడవడం లేదు!"

"అయితే లోపం మీ చేతిలోనే ఉంది!"

అతడికి కోపం రావలసింది, నవ్వొచ్చింది. "ఏమీ లేని కంప్యూటర్ ఒకటి తెండి. ఇద్దరం కలిసి మొదటినుంచి చేద్దాం."

పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచివేసి, ఒకే బల్లమీద పక్కపక్కన కూర్చున్నారు. పని సరిగ్గా అతడికి ఆగినచోటే ఆగిపోయింది. ఆమె తెరను తేరిపార చూసి నుదురు కొట్టుకుంది.

"దారం బిగువు లెక్కకట్టే ఫైలు! ఎప్పుడో రాసి, నా కంప్యూటర్‌లో వేరే మూల పెట్టాను. అది అక్కడ ఉండబట్టి నాకు లోటే తెలియలేదు. దాచలేదండీ, నిజంగా మరిచిపోయాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"దాచేవాళ్ళు నా తిట్లు చదివి ఫోన్ చేసి నవ్వరు."

ఫైలు చేరింది, ప్రోగ్రాం మిషన్‌లోకి ఎక్కింది, దీపం కన్నుగీటింది. అతడు ఒక గుడ్డముక్క పెట్టి వెనక్కి కుట్టి చూశాడు. దారం తెగలేదు! వెనక్కి కుట్టినప్పుడల్లా దారం తెగే లోపం అతడి ప్రోగ్రాంలో ఏళ్ళ తరబడి ఉంది. తానూ, తన బృందమూ ఎంత తలబద్దలు కొట్టుకున్నా లొంగలేదు.

"ఇది మీరు సరిచేశారా?" అతడి గొంతులో గౌరవం పలికింది. "కోర్టుకెళ్ళి ఉంటే మీతో శత్రుత్వం మిగిలేది. ఈ కిటుకు ఎవరు నేర్పేవారు?"

తండ్రి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "అంటే మా అమ్మాయి పనిని మీరంతా వాడుకుంటారా?"

"ఆమె పేరుతోనే వాడుకుంటామండీ. మేము మెరుగుపరిచినది మీకూ వస్తుంది. పోటీవాళ్ళు తీసుకుని అమ్మితే, వాళ్ళ మార్పులూ బయటపెట్టాల్సిందే."

ఆయన ఆ కుట్టును వేలితో నిమిరాడు. "మా అమ్మాయి కూడా ఇదే మొత్తుకుంది. కూతురి మాట కదా, చెవికెక్కలేదు. ఇకనుంచి ప్రతి మిషన్‌తోనూ సోర్స్ ఇద్దాం" అని టీ పురమాయించడానికి వెళ్ళాడు.

అప్పుడడిగాడతడు. "ఆ దీపం సంగతి తీసేసి ఉంటే నేను గుర్తుపట్టేవాణ్ణే కాదు. ఎందుకు ఉంచారు?"

ఆమె దారపు కండెను అటూ ఇటూ తిప్పింది.

"రాసినవాళ్ళు ఎప్పటికైనా చూసి వస్తారని."

బయట వాన వెలిసింది. "గడువు అయిపోయింది" అన్నాడతడు.

"పొడిగించరా?"

"ఎంతకాలం?"

"మీరు రాసేదాంట్లో లోపాలుంటూనే ఉంటాయి. ఎవరో ఒకరు దగ్గరుండి సరిదిద్దుతూ ఉండాలిగా, జీవితాంతం."

అతడి ఫోన్ మోగింది. "సంతకం పెడుతున్నావా లేదా?" అంది పిన్ని.

"పెడతాను పిన్నీ. నోటీసు మీద మాత్రం కాదు. పెళ్ళి పత్రం మీద."

అటువైపు పిన్ని లాయరులా గొంతు సవరించుకుంది. "అయితే వాళ్ళ నాన్నకు ఫోన్ ఇవ్వు. రాజీ షరతులు నేను మాట్లాడతాను. వాదించినందుకు ఫీజుగా ఒక పెళ్ళి భోజనం చాలు!"

టీ కప్పులతో వచ్చిన తండ్రి, ఏమీ అర్థం కాకపోయినా, ఫోన్ అందుకుని నవ్వసాగాడు. ఆయన భుజం వెనకనుంచి ఆమె అతడి వైపు చూసింది. రెండుసార్లు చకచకా రెప్పలార్చి, మూడోసారి తీరుబడిగా కన్నుగీటింది.