లింగస్వామి మూసిన కన్నాలు

మా మేనల్లుడు లింగస్వామి సముద్రం చూడలేదు. ఎల్బీనగర్‌లో వాడి వడ్రంగి కొట్టు ముందు వానకు నిలిచే నీళ్లే వాడికి తెలిసిన పెద్ద నీళ్లు. అలాంటివాడు ఓడకు కన్నాలు పెట్టాడంటే మీరు నమ్మరు. రోజూ పక్కనే కూర్చుని చుట్ట కాల్చేవాణ్ణి కనుక, నాకు నమ్మక తప్పలేదు.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజులవి. బస్సుల్లేవు, పగలు కరెంటు లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఉదయలక్ష్మి నడిచొచ్చి, పాతచీరలో చుట్టిన చెక్క ఓడను బల్ల మీద దించింది. మూడు తెరచాపలు, మూరెడు పొడవు. కోరంగి రేవులో వాళ్ల ముత్తాత పనిచేసిన ఓడకు ఇది నమూనా. చేస్తున్న తాత గంగాధరరావు గారికి చేతులు వణుకుతున్నాయట. లంగరు తాడు దూరే రెండు కన్నాలు పెట్టి, లంగరు బిగించడమే మిగిలింది. ఆదివారానికి కావాలంది. సోమవారం ఇల్లు ఖాళీ చేసి కాకినాడ వెళ్లిపోతున్నారు. ఈ గొడవలకు వాళ్ల నాన్న బెదిరిపోయాడు.

లింగస్వామి మెడలోని గులాబీ కండువా చూసి, "మమ్మల్ని పొమ్మనే కండువా వేసుకుని మా ఓడ బాగుచేస్తారా?" అంది.

"రాష్ట్రం రావాలన్న మేడం. మీరు పోవాలని ఎప్పుడన్న?"

అని, ఆమెనే చూస్తూ సుత్తి అనుకుని నా చుట్ట అందుకున్నాడు.

కరెంటు లేక డ్రిల్లు నడవదు కనుక లింగస్వామి తన తాత నాటి బరమా తీశాడు. విల్లులాంటి కర్రతో తాడు లాగితే గిర్రున తిరిగే పనిముట్టు అది. కుట్టుసూది విరిచి దానికి మొనగా పెట్టాడు. చెక్క చీలకుండా ఊపిరి బిగబట్టి తొలిచాడు. ఆ కన్నం ఎంత సన్నమంటే, చీమైనా మీసాలు దువ్వుకుని దూరాలి.

రెండు రోజులకు ఆమె వచ్చి చూసి నిలబడిపోయింది. ఓడ పైఅంచున రెండు వైపులా తాత పెట్టిన ఇరవైరెండు కన్నాలూ మాయం. వాటి చోట నున్నటి టేకు బిరడాలు.

"పడవకు గిన్ని బొక్కలుంటే మునగదా మేడం? తాత సూస్కోలేదేమోనని నేనే మూసిన."

ఆమె నవ్వింది. తరువాత కళ్లు తుడుచుకుంది. "తాత ఆర్నెల్లు కష్టపడి పెట్టిన కన్నాలండీ అవి."

లింగస్వామి ఓడను నెత్తిన పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాడు. వెనక నేను. పెద్దాయన గంగాధరరావు గారు తిట్టలేదు. ఓడను నీళ్ల టబ్బులో పెట్టించి, దాని మీద చెంబెడు నీళ్లు పోశాడు. నీళ్లు దిగే దారిలేక ఓడ పక్కకు ఒరిగింది.

"పైకెక్కిన అల దిగిపోయే దారులు నాయనా అవి," అన్నాడు.

వాళ్ల ఇంటి హాల్లోనే కూర్చుని వాడు ఒక్కొక్క బిరడా తొలిచాడు. లంగరు ఎత్తితే ఓడ కదులుతుందని, దించితే ఆగుతుందని పెద్దాయన పక్కనుంచి చెబుతూనే ఉన్నాడు. మళ్లీ చెంబెడు నీళ్లు పోశారు. ఇరవైరెండు దారాల్లాంటి ధారలు రెండు వైపులా జారాయి. ఓడ మెల్లగా తల ఎత్తింది. నా నోట్లో చుట్ట ఆరిపోయిన సంగతి నాకే తెలియలేదు.

"సముద్రం గిట్లనే ఉంటదా?" అన్నాడు లింగస్వామి గుసగుసగా.

"ఇలాగే. కాస్త పెద్దది," అంది ఉదయలక్ష్మి. ఈసారి ఓడను కాదు, వాణ్ణి చూస్తూ.

లంగరు బిగించడానికని కొట్టుకు వెనక్కి తెచ్చిన ఓడను ఆదివారం ఇచ్చి రావడానికి వెళ్లాం. హాలంతా కట్టేసిన అట్టపెట్టెలు. వాటి మధ్య ఆమె తండ్రి మురళీకృష్ణ. పెద్దాయన ఓడను వేళ్లతో తడిమి చూసి ఆగాడు.

"ప్రయాణమయ్యే ఓడకు లంగరు ఎత్తి కట్టాలి కదయ్యా. దించేశావేం?"

వాడు నేల చూశాడు. "కన్నాలు తెల్వక మూసిన తాతా. గిది తెలిసే దించిన."

ఉదయలక్ష్మి వచ్చి వాడి పక్కన నిలబడింది. "నాన్నా, నేనూ ఇక్కడే ఉంటాను," అంది.

మురళీకృష్ణ ఓడనూ, కూతుర్నీ, వాడి కండువానూ చాలాసేపు చూశాడు. ఆపైన వంగి, ఒక పెట్టె తాడు విప్పి, కాఫీ ఫిల్టరు బయటికి తీశాడు.

"నాలుగు కప్పులు పెట్టమ్మా."

ఐదు అనాలి. నేనూ ఉన్నాను.